ఇటలీ ఇల్లరికం

"అమ్మమ్మా, విడోయర్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది మా మనవరాలు.

మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చినప్పటి మాట. ఆ పిల్ల సినిమాల గురించి చదువుకుంటోంది. సినిమాలు చూడ్డం కూడా ఒక చదువేనా అని మా వారు మొదట్లో విసుక్కున్నారు గాని, ఇప్పుడు పాఠాలు వినడానికి ఆయనే ముందు కూర్చుంటున్నారు. ఆ రాత్రి భోజనాలయ్యాక తన కంప్యూటర్ని మా టీవీకి తగిలించి, "ఇవాళ మీకో పాత ఇటాలియన్ సినిమా. కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి, కంగారు పడకండి" అంది. సినిమా పేరు 'ఇల్ వేదోవో'. భార్య పోయిన మగవాడు అని అర్థం.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని కదా, "విధురుడు" అన్నాను టక్కున.

"ఆ మాట ఎప్పుడైనా ఎవరినైనా అన్నావా?" అన్నారు మా వారు.

అనలేదు. ఎవరూ అనగా వినలేదు కూడా. నిఘంటువులో నిద్రపోతున్న మాట అది. అదే మొగుడు పోయిన ఆడదానికైతే మన భాషలో మాటలకేమీ కరువు లేదు, అందులో సగం తిట్లే. మగవాడికి ఆ అవస్థ ఎక్కువ కాలం ఉండదు గనక మాట అవసరం రాలేదేమో. పెద్దకర్మ భోజనాల్లోనే సంబంధాల కబుర్లు వినబడే ఇళ్ళు నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటాయి.

సరే, సినిమా సంగతి చెబుతాను. 1959లో వచ్చింది. తీసినవాడు దీనో రీసి. మిలాను ఊరివాడు, చదివింది వైద్యం, అందులోనూ పిచ్చివాళ్ళ వైద్యం. ఆ చదువు వృథా పోలేదని ఆయన సినిమాల్లో మగవాళ్ళని చూస్తే తెలుస్తుంది. హీరో అనడానికి నోరు రాదు గాని, అందులో ముఖ్యపాత్ర అల్బెర్తో నార్ది అనే ఆయనది. రోము నుంచి మిలానుకి వచ్చి లిఫ్టులు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టాడు. మనిషికి గొప్పలు మెండు, బుర్ర తక్కువ. చేతికి ఉంగరం, మెడకు టై, చుట్టూ అప్పులవాళ్ళు. వచ్చే నెలలో పెద్ద ఆర్డరు వస్తుందంటాడు, వచ్చే నెల అప్పులవాళ్ళే వస్తారు. అతని భార్య ఎల్వీరా మిలానులో పేరున్న ధనవంతురాలు. వట్టి ధనవంతురాలు కాదు, వ్యాపారం తెలిసిన మనిషి. షేర్లు ఎప్పుడు కొనాలో, స్థలాలు ఎప్పుడు అమ్మాలో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆవిడకి తెలిసిన ఇంకో విషయం, తన మొగుడు దద్దమ్మ అని.

ఆవిడ అతన్ని పిలిచే పిలుపు 'క్రెతినెత్తి'. మన 'మొద్దబ్బాయ్' లాంటి మాట. ఒకప్పటి మూగ సినిమాల్లో ఒక హాస్యనటుడికి ఇటలీవాళ్ళు పెట్టుకున్న పేరట. ఎల్వీరా ఆ పిలుపుని కోపంతో అనదు, కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటారు అని అడిగినంత మామూలుగా అంటుంది. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. మా వారు సినిమా చూస్తున్నంతసేపూ నవ్వారు గాని, ఆ పిలుపు వచ్చినప్పుడల్లా నావైపు ఒకసారి చూసేవారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ పిలవలేదని ఇందుమూలంగా పాఠకులకి మనవి చేసుకుంటున్నాను.

ఇల్లు ఆవిడది, కారు ఆవిడది, ఖర్చు ఆవిడది. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికపు అల్లుడు. అప్పులు తీర్చమని అడిగితే ఆవిడ దమ్మిడీ ఇవ్వదు, హామీ సంతకం పెట్టమంటే పెట్టదు. డబ్బు కోసం పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళయింది, డబ్బు మాత్రం రాలేదు! ఇంతలో ఒకనాడు కబురొచ్చింది, ఎల్వీరా వెళ్ళిన రైలుకి పెద్ద ప్రమాదమయిందని. అప్పుడు చూడాలి ఆ నటుణ్ణి. ముఖం ఏడుస్తోంది, నడక మాత్రం గంతులేస్తోంది. నల్లకోటు తొడుక్కున్నాడు, పరామర్శకి వచ్చినవాళ్ళ భుజాలమీద తల వాల్చాడు, మనసులో మాత్రం ఏ ఫ్యాక్టరీని ఎంత పెంచాలో లెక్కలు వేసుకుంటున్నాడు. అంతలో ఎల్వీరా క్షేమంగా ఇంటికి తిరిగొచ్చింది. అతని ముఖంలో అప్పుడు కనబడ్డ దుఃఖం మాత్రం నిజమైన దుఃఖం.

ఒక్కసారి విధురుడయ్యే రుచి మరిగినవాడు ఊరుకుంటాడా? ఎల్వీరాని చంపాలని పథకం వేశాడు. తోడు ఒక బాబాయి, లెక్కలు చూసే ఒక చితికిపోయిన మార్క్విసు దొర, ఒక జర్మను ఇంజనీరు. అంతా కలిసి లిఫ్టుని పాడుచేసి ఆవిణ్ణి కిందికి తోసెయ్యాలని ఎత్తు. కాని మనవాడు చేసిన పని ఏదయినా సవ్యంగా జరిగిందా, ఇది జరగడానికి! ఆ లిఫ్టులో తనే పడిపోయాడు. చివరికి నల్లబట్టలు కట్టుకుని శవం వెనకాల నడిచింది ఎల్వీరా. సినిమాకి పేరు 'విధురుడు', సినిమా చివర మిగిలింది విధవరాలు.

ఆ లిఫ్టు ఉన్న మేడ గురించి ఒక మాట చెప్పాలి. అది కట్టుడు సెట్టు కాదు. మిలాను నడిబొడ్డున ఉన్న తోర్రె వెలాస్కా అనే భవనం, 1958లో పూర్తయింది. నూరు మీటర్లకి పైగా ఎత్తు. పైఅంతస్తులు కిందివాటికన్న వెడల్పు, పుట్టగొడుగులా తల బరువెక్కి నిలబడి ఉంటుంది. ఆ రోజుల్లో ఇటలీలో డబ్బు కొత్తగా పొంగుతోంది. కొత్త ఫ్యాక్టరీలు, కొత్త కార్లు, ఆకాశానికి కొత్త మేడలు. అందరూ పైకి పోతున్న కాలంలో లిఫ్టులు అమ్మేవాడు ఒక్కడే కిందికి పోవడంలో తమాషా ఉంది కదూ.

సరిగ్గా ఆ 1959లోనే మనకి అక్కినేని, జమున నటించిన 'ఇల్లరికం' వచ్చింది. మా ఊరి టూరింగు టాకీసులో మా అమ్మతో కలిసి చూశాను, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మన సినిమాలో ఇల్లరికం వచ్చిన అల్లుడు మంచివాడు, అవమానాలు పడేవాడు, హాలంతా ముక్కులు చీదుకుంది. ఇటలీ సినిమాలో అదే అల్లుడు వెధవాయి, హాలంతా నవ్వింది. ఒకే ఏడాది రెండు దేశాలు ఒకే విషయం మీద సినిమా తీసుకుంటే ఒకరు ఏడ్చారు, ఒకరు నవ్వారు.

"అంత ఇష్టం లేకపోతే విడాకులు తీసుకోవచ్చుగా" అంది మనవరాలు. ఈ కాలప్పిల్ల, తనకి తోచింది అదే. కాని 1959లో ఇటలీలో విడాకుల చట్టమే లేదు. 1970 డిసెంబరు 1న గాని రాలేదు. వచ్చాక కూడా ఊరుకోలేదు, రద్దు చెయ్యాలని 1974 మేలో దేశమంతటా ఓట్లు పెట్టారు. చట్టం ఉండాలన్నవాళ్ళు నూటికి 59 మంది. ఆడవాళ్ళు చర్చి మాట విని రద్దుకే వేస్తారని లెక్కలు కట్టుకున్న పెద్దలు తెల్లబోయారు. ఆ చట్టం రాకముందు పెళ్ళాం వద్దనుకున్నవాడికి విధురుడు కావడం తప్ప దారి లేదు. అందుకే ఆ కాలపు ఇటాలియన్ హాస్యచిత్రాల్లో మొగుళ్ళందరూ పెళ్ళాల్ని చంపే ఆలోచనలోనే ఉంటారు. 1961లో వచ్చిన 'ఇటలీ తరహా విడాకులు' అనే సినిమా కథ అంతా ఇదే. వ్యభిచారం కనిపెట్టి, ఆ కోపంలో, పరువు కోసం భార్యని చంపినవాడికి అప్పటి శిక్షాస్మృతి 587వ సెక్షను కింద పడేది మూడు నుంచి ఏడేళ్ళు. ఆ సెక్షను 1981 వరకూ పుస్తకంలో ఉంది. నవ్వుకున్నాంగాని, ఎవరి ప్రాణం మీద నవ్వుకున్నామో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఎల్వీరా సంతకం పెట్టనన్నది చూశారా, దాని వెనక కూడా ఒక చరిత్ర ఉంది. 1919 జూలై దాకా ఇటలీలో పెళ్ళయిన ఆడది మొగుడి అనుమతి లేకుండా తన ఆస్తి తను అమ్ముకోడానికి లేదు, అప్పు తెచ్చుకోడానికి లేదు. నలభై ఏళ్ళ ముందయితే సంతకం పెట్టమని నార్దిగారు ఆవిణ్ణి బతిమాలుకోనక్కర్లేదు, ఆవిడే ఆయన్ని బతిమాలుకోవాలి. 'క్రెతినెత్తి' అనే పిలుపులో ఉన్న ధీమా ఆ చట్టం ఇచ్చిందే.

సినిమా అయ్యాక నాకు నిద్ర పట్టలేదు. డబ్బు కోసం పెళ్ళి అనేది నార్ది కనిపెట్టిన విద్య కాదు కదా. తిరిగి తిరిగి ఆలోచన పోయి పోయి ఫ్లారెన్సు దగ్గర ఆగింది. ఎప్పుడో చదివిన చరిత్ర అది. పుస్తకంలో చదివినప్పుడు నవ్వుకున్నాను, ఆ రాత్రి నవ్వు రాలేదు.

1425లో ఫ్లారెన్సు నగర ప్రభుత్వం యుద్ధాలు చేసి చేసి అప్పుల్లో మునిగింది. డబ్బెక్కణ్ణుంచి తేవడం? ఆడపిల్లల తండ్రుల దగ్గర్నుంచి! 'మోంతె దెల్లె దోతి' అని ఒక నిధి పెట్టారు. కట్నాల నిధి అన్నమాట. పసిపిల్ల పేర నూరు బంగారు ఫ్లోరిన్లు కడితే పదిహేనేళ్ళకి అయిదువందలు చేసి ఇస్తారు. ఏడున్నరేళ్ళకే కావాలంటే రెండువందల యాభై. లెక్క వేసుకోండి, పదకొండు శాతం పైచిలుకు చక్రవడ్డీ. ఇంత వడ్డీ ఇస్తామన్నా మొదట్లో జనం ముందుకి రాలేదు. ఎందుకంటే గడువు లోపల పిల్ల చచ్చిపోతే కట్టిన సొమ్ము ప్రభుత్వానిదే. పిల్లలు పిట్టల్లా రాలిపోయే కాలం అది. ఏ తండ్రి ధైర్యం చేస్తాడు? 1433లో నిబంధన మార్చారు, పిల్ల పోతే కట్టిన అసలు తిరిగి ఇస్తామన్నారు. అప్పుడు బారులు తీరారు. ఎన్ని వేలమంది పిల్లల పేర్లో ఆ ఖాతాపుస్తకాల్లో ఈనాటికీ ఉన్నాయి. నిధి తర్వాత్తర్వాత మాట నిలబెట్టుకోలేక వాయిదాల్లో పడిందనుకోండి, ప్రభుత్వం వారి పద్ధతి ఎక్కడైనా ఒకటే.

అసలు కీలకం ఇంకోటి ఉంది. డబ్బు కట్టింది తండ్రి. ఖాతా పిల్ల పేర. పెళ్ళయి కాపురం మొదలయిందని రుజువైతే సొమ్ము ఇచ్చేది అల్లుడి చేతికి.

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం చెబుతాను. నాకు ఆరేళ్ళప్పుడు, అంటే 1957లో, మా నాన్నగారు నా పెళ్ళికని జీవిత బీమా పాలసీ తీసుకున్నారు. అయిదువేల రూపాయలకి, పదిహేనేళ్ళ గడువు. ఫ్లారెన్సు వాళ్ళదీ పదిహేనేళ్ళే చూడండి! నాన్నగారిది గుమాస్తా ఉద్యోగం. మూడు నెలలకొకసారి ప్రీమియం కట్టాల్సిన వారం వచ్చిందంటే ఇంట్లో కాఫీ పొడి సగమయ్యేది. ఆ వారం అమ్మ నాకేసి చూసే చూపులో కొంచెం ప్రేమా కొంచెం లెక్కా ఉండేవి. 1972 నాటికి నేను బి.ఏ. పాసయ్యాను, మంచి మార్కులొచ్చాయి. వాల్తేరు వెళ్ళి ఎం.ఏ. చదువుతానన్నాను. "డబ్బెక్కడిదే?" అన్నారు నాన్నగారు. అదే నెలలో పాలసీ గడువు తీరింది. డబ్బు నా పెళ్ళికి, పాలసీ నాన్నగారి పేర, సొమ్ము మా మామగారి చేతికి. అయిదువేల కట్టని నేను కళ్ళతో చూడనైనా చూడలేదు. ఎం.ఏ. ఆ తర్వాత పన్నెండేళ్ళకి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, ప్రైవేటుగా కట్టి పాసయ్యాను.

నాన్నగారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఫ్లారెన్సులో పుట్టినా అదే చేసేవారు. అక్కడి ఒక తల్లి రాసిన ఉత్తరాలు చదివితే నాకు అమ్మా నాన్నగారూ ఇద్దరూ కళ్ళకి కట్టారు. ఆవిడ పేరు అలెస్సాంద్రా మాచింగి స్త్రోజ్జి. మొగుడు ప్రవాసంలో పోయాడు, కొడుకులు పరాయి ఊళ్ళలో ఉన్నారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఒంటరిగా తలకెత్తుకుంది. 1447 ఆగస్టులో నేపుల్సులో ఉన్న పెద్దకొడుకు ఫిలిప్పోకి రాసింది, కాతెరీనాకి సంబంధం కుదిర్చానని. పిల్లకి పదహారు నిండాయి. పెళ్ళికొడుకు మార్కో పరెంతి, పట్టువస్త్రాల వ్యాపారం. కట్నం వెయ్యి ఫ్లోరిన్లు. అందులో అయిదువందలు వచ్చే మే నెలలో నిధి నుంచి చేతికొస్తాయి, మిగతా అయిదువందలు రొక్కం, చీరా సారె కలిపి ఇవ్వాలి. ఇంకా గొప్పింటి సంబంధం కావాలంటే పద్నాలుగు పదిహేను వందలు పెట్టాలి, అది నాకూ నీకూ కూడా దివాలా అని కొడుక్కి చెప్పుకుంది. పెళ్ళాన్ని తెచ్చుకునేవాడికి కావలసింది రొక్కమే అని కూడా మొహమాటం లేకుండా రాసింది. ఆరువందల ఏళ్ళ కిందటి ఉత్తరం కాదు, మా పక్కవాటాలో పిన్నిగారు మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

పెళ్ళికొడుకు తరఫు ముచ్చట్లు కూడా రాసింది మహాతల్లి. ఎర్ర మఖమలు గౌను కుట్టించాడట, తలకి ఈకలూ ముత్యాలూ గుచ్చిన దండ చేయించాడట. పిల్ల బయటికి కదిలిందంటే ఒంటిమీద నాలుగువందల ఫ్లోరిన్ల సరుకుంటుందని మురిసిపోయింది. వెయ్యి ఇచ్చి నాలుగువందలు ఒంటిమీద చూసుకుని మురిసిపోవడం మనకి తెలియనిదా! ఆ ఉత్తరంలో లేనిదల్లా కాతెరీనా ఏమందో ఆ ఒక్కమాటే. అన్నట్టు అది అన్యోన్యమైన సంసారమే అయింది. మార్కో మంచివాడు, బావమరుదులకి ఆపదల్లో అండగా నిలబడ్డాడు. కట్నం తీసుకున్నవాళ్ళందరూ నార్దిలే అయితే ఈ పద్ధతి ఎప్పుడో పోయేది. మంచివాళ్ళు కూడా తీసుకున్నారు, అందుకే అన్నాళ్ళు నిలిచింది. మా వారు కూడా మంచివారే.

కట్నం సమకూడని పిల్లల సంగతేమిటి మరి? మనకి కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి. వాళ్ళకి కాన్వెంటు అంటే సన్యాసినుల మఠం. మఠానికీ కట్నం ఇవ్వాలి, కాని పెళ్ళికొడుక్కి ఇచ్చేదానికన్నా బాగా తక్కువ. అల్లుడికన్నా దేవుడు చవక. నలుగురు ఆడపిల్లలుంటే ఒకరికో ఇద్దరికో పెళ్ళి చేసి మిగిలినవాళ్ళని ఆ గోడల వెనక్కి పంపేవారు. వెనిస్‌లో అయితే పదహారో శతాబ్దం చివరికి దొరల కుటుంబాల ఆడవాళ్ళలో ఇంచుమించు సగంమంది మఠాల్లోనే ఉండేవారని చరిత్రకారుల లెక్క. భక్తితో వెళ్ళినవాళ్ళూ ఉండే ఉంటారు. సగంమందికి ఒక్కసారిగా భక్తి పుట్టిందంటే మాత్రం నేను నమ్మను.

వాళ్ళలో ఒకామె నోరు విప్పింది. 1604లో పుట్టిన అర్కాంజెలా తరబొత్తి. ఆడపిల్లల్లో పెద్దది, పైగా కాలు కాస్త కుంటి. ఆ అవకరంతో పెళ్ళిబజారులో నెగ్గదని చిన్నతనంలోనే మఠంలో పెట్టేశారు. కావలసి తీసుకున్న సన్యాసం కాదు. బతికినంతకాలం లోపలే ఉంది, కాని కలం మాత్రం గోడ దాటింది. డబ్బు మిగుల్చుకోడానికి కన్నకూతుళ్ళని దేవుడి పేర ఖైదులో పెట్టే తండ్రుల్నీ, దాన్ని చూసి కళ్ళు మూసుకున్న ప్రభుత్వాన్నీ కడిగేసింది. ఒక పుస్తకానికి ఆవిడ మొదట పెట్టుకున్న పేరు 'తండ్రుల నిరంకుశత్వం'. 1652లో చనిపోయింది, రెండేళ్ళకి ఆ పుస్తకం వేరే పేరుతో అచ్చయింది, 1661లో చర్చి వారు చదవకూడని పుస్తకాల జాబితాలోకి ఎక్కించారు. చదవకూడదన్నారంటే చదివినవాళ్ళున్నారనే కదా.

ప్రభుత్వాలు ఊరుకున్నాయా అంటే, ఊరుకోలేదు, చట్టాలు చేశాయి. వెనిస్ పెద్దల సభ 1420లో కట్నం పదహారువందల డ్యూకట్లకి మించకూడదని శాసించింది. 1505కి ఆ హద్దు మూడువేలయింది. చట్టం జనాన్ని దించలేకపోయింది, జనమే చట్టాన్ని పైకి లాక్కుపోయారు. చట్టం చేసినవాళ్ళే దాన్ని తప్పేవాళ్ళు, వాళ్ళకీ కూతుళ్ళున్నారుగా. మన వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. నా పెళ్ళి 1972లో అయింది. ఆ పదకొండేళ్ళలో ఆ చట్టం మా ఊరికి వచ్చే బస్సు ఎక్కలేదనుకుంటాను. మా నాన్నగారూ మామగారూ ఇద్దరూ చట్టాన్ని గౌరవించే మనుషులే, సైకిలుకి దీపం లేకుండా చీకట్లో తొక్కేవారు కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఫ్లారెన్సు ఆడది మనకన్నా నయమా అనిపిస్తుంది. మొగుడు పోతే కట్నం తిరిగి ఆవిడదే. అత్తవారు లెక్కగట్టి ఇచ్చెయ్యాలి. బాగుందే అనుకుంటాం, ఆగండి. ఆవిడ వయసులో ఉంటే పుట్టింటివాళ్ళు వచ్చి పిల్లనీ కట్నాన్నీ కలిపి తీసుకుపోయి మళ్ళీ పెళ్ళి చేసేవాళ్ళు. బిడ్డలు? తండ్రి వంశంవాళ్ళు గనక అత్తవారింట్లోనే ఉండిపోవాలి. తల్లి మమ్మల్ని వదిలేసి డబ్బు తీసుకుపోయిందని ఆ బిడ్డలు పెద్దయ్యాక తిట్టుకునేవారు. ఆవిణ్ణి తీసుకుపోయింది ఎవరో, ఆ డబ్బు ఎవరి చేతుల్లో తిరిగిందో వాళ్ళకెవరు చెబుతారు? మొగుడి శవం వెనక నడుస్తున్న ఎల్వీరాకి ఆ బాధ లేదు. ఆవిడ డబ్బు మొదట్నుంచీ ఆవిడ దగ్గరే ఉంది.

టీవీలో అప్పుడప్పుడు ఒక ఇటాలియన్ పాట వినబడుతుంటుంది, మనవరాలు పెడితే నేనూ గుర్తుపట్టాను. ఒక అమ్మాయి ఎంతో తియ్యగా వాళ్ళ నాన్నని ఏదో వేడుకుంటుంది. 1918లో పుచ్చీని కట్టిన 'జాన్ని స్కిక్కి' అనే సంగీత నాటకంలోది. ప్రేమపాట అనుకుంటారందరూ. అసలు సంగతేమిటంటే, అబ్బాయి తరఫు ముసలావిడ కట్నం లేనిదే పిల్లని చేసుకోమంది. కాబట్టి ఎలాగోలా డబ్బు పుట్టించమని కూతురు తండ్రికి చేసుకునే విన్నపం అది. లేకపోతే వంతెన మీంచి నదిలో దూకుతానంటుంది. కథ జరిగేది 1299లో, ఊరు ఫ్లారెన్సే. తండ్రి ఏం చేశాడంటే చచ్చిపోయినవాడి పక్కలో దూరి, వాడి గొంతుతో దొంగవీలునామా రాయించి కూతురికి కట్నం పుట్టించాడు. హాస్యనాటకమే ఇదీను. ఇటలీవాళ్ళు కట్నం గురించి ఏడవ్వలసినదంతా నవ్వులో పెట్టేశారేమోననిపిస్తుంది.

చివరికి 1975 మే 19న చేసిన కుటుంబ చట్టంతో ఇటలీలో కట్నం అనే ఏర్పాటే చెల్లదన్నారు. అంతకుముందు వరకూ సివిల్ కోడులో కట్నానికి ప్రత్యేకంగా సెక్షన్లుండేవి, భూమి కొనుగోలుకున్నట్టు. అదే చట్టంతో మొగుడు ఇంటికి యజమాని అన్న మాట తీసేశారు, పెళ్ళయ్యాక సంపాదించుకున్నది వేరే ఏర్పాటు చేసుకోకపోతే ఇద్దరిదీ అన్నారు. చట్టం ఒక్కటే చేసిందని కాదు. ఆడపిల్లలు చదువుకుని ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వెళ్ళడం మొదలెట్టాక కట్నం అప్పటికే పాత సామాను అయిపోతోంది, చట్టం దాన్ని అటక ఎక్కించింది. మనదగ్గర దారి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా వాటా అని చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందన్నారు. అంతకుముందే పెళ్ళయిపోయినవాళ్ళకి మాత్రం లేదు. నేను పదమూడేళ్ళు తొందరపడ్డాను. మా నాన్నగారికి ఉమ్మడి ఆస్తీ లేదు, ఉత్తి ఆస్తీ లేదనుకోండి. 2005లో దేశమంతటికీ మార్చారు. వాటా వచ్చింది సరే, కట్నం పోయిందా అంటే మీరే చెప్పాలి, పెళ్ళిళ్ళకి నాకన్నా మీరే ఎక్కువ వెళుతుంటారు.

ఆ నటీనటుల సంగతి చెప్పనే లేదు. నార్దిగా వేసినవాడు అల్బెర్తో సోర్ది, రోము ప్రజలకి ఇంట్లోమనిషి. లారెల్-హార్డీలలో లావాటి ఆయనకి ఇటాలియన్‌లో గొంతు ఇచ్చింది కూడా ఇతనే. ఎన్ని సినిమాల్లో ఎన్నిరకాల మొగుడి వేషాలు వేశాడో, సొంతానికి మాత్రం పెళ్ళి చేసుకోలేదు. 2003లో పోయినప్పుడు రోము ఊరంతా కదిలొచ్చింది. ఎల్వీరాగా వేసిన ఫ్రాంకా వలేరి మిలాను ఆవిడ, తన పాత్రల మాటలు తనే రాసుకోగల రచయిత్రి కూడా. ఇద్దరూ 1920లో నెలన్నర తేడాతో పుట్టారు. ఆవిడ నూరేళ్ళూ నిండాక, పుట్టినరోజు వెళ్ళిన తొమ్మిది రోజులకి, 2020 ఆగస్టులో కన్నుమూసింది. సినిమాలోలాగే బయట కూడా ఆవిడే వెనకాల మిగిలింది, పదిహేడేళ్ళు.

2013లో ఈ కథని మళ్ళీ తీశారు, 'విధురుడు కాబోయేవాడు' అనే అర్థం వచ్చే పేరుతో. మనవరాలు అదీ పెడతానంది. ఒక్కటి చాలన్నాను.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ ఆ పిల్ల అడిగింది, "ఇంతకీ అమ్మమ్మా, ఆ అయిదువేలు ఏమయ్యాయి?"

నేను మాట్లాడలేదు. మా వారు పేపరు కిందికి దించారు. "మా రెండో చెల్లెలి పెళ్ళికి వెళ్ళాయి" అన్నారు. కాసేపాగి, "దాని మొగుడు వాటితో వాళ్ళ చెల్లెలి పెళ్ళి చేశాడు" అన్నారు. మళ్ళీ పేపరు ఎత్తారు గాని పేజీ తిప్పలేదు. యాభై ఏళ్ళ పైబడిన సంసారంలో ఆ మాట మా ఇద్దరి మధ్యా రావడం అదే మొదలు.

పదిన్నరకి బ్యాంకు పని మీద ఇద్దరం బయల్దేరాం. మాది నాలుగో అంతస్తు. లిఫ్టు వచ్చి ఆగింది. మా వారు తలుపు పట్టుకుని, "నువ్వు ముందెక్కు" అన్నారు ఎంతో మర్యాదగా.

"మీరు పదండి, నేను మెట్ల మీద వస్తాను" అన్నాను.